ఆ చిన్న కుక్కకు ఎన్ని పూటలు

కుక్కపిల్లను చేతిసంచిలో పెట్టుకొని ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బస్సులో తెచ్చిన సాయంత్రం, మా నాన్న, బాపు, దాన్ని చూసి ఒక్క మాటే అన్నాడు.

"ఇది కుక్కనా బిడ్డా, ఎలుకనా?"

అది పొమేరియన్ జాతి ఆడ కుక్కపిల్ల. పగిలిన పత్తికాయలా తెల్లగా ఉండేది. రెండు అరచేతుల్లో పడుకోబెడితే ఇంకా చోటు మిగిలేది. మా బడిలో పనిచేసే ఒక టీచరమ్మ ఇంట్లో కుక్క నాలుగు పిల్లలను పెడితే, అన్నిటికంటే చిన్నదాన్ని నాకిచ్చింది. 2010లో, చలి మొదలవుతున్న రోజులవి.

నిజానికి దాన్ని తెచ్చింది బాపు కోసమే. ఆయన ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర ఇరవై ఏళ్లకు పైగా భోజన హోటలు నడిపాడు. అమ్మ పోయాక, షుగరు ముదిరి కాలికి పుండు పడ్డాక, హోటలు మూసేసి కామారెడ్డిలో నా దగ్గరికి వచ్చాడు. పుండు మానింది గానీ మనిషి తేరుకోలేదు. నేను పొద్దున బస్సెక్కి ఎల్లారెడ్డి బడికి పోతే మళ్లీ దీపాలు పెట్టే వేళకు గానీ వచ్చేదాన్ని కాదు. అంతసేపూ ఆయన వరండాలో కుర్చీ వేసుకొని కూర్చునేవాడు. వంటింటి తలుపుకు నేనొక కాగితం అంటించాను. ఎన్ని గంటలకు మాత్ర, ఎన్ని గంటలకు జావ, ఎన్ని గంటలకు రొట్టె, అన్నీ అందులో ఉండేవి. వచ్చేపోయే జనానికంతా అన్నం పెట్టిన మనిషి ఆ కాగితం ముందు నిలబడి చదువుకొని, అందులో ఉన్నంతే తినేవాడు. నాకప్పుడు అది బాధగా తోచలేదు. పద్ధతి అనుకున్నాను. టీచరును కదా.

కుక్కపిల్లకు కూడా అదే కాగితంలో కింద రెండు పూటలు రాశాను. పొద్దున ఏడింటికి నేను బయల్దేరే ముందు, సాయంత్రం ఆరున్నరకు నేను వచ్చాక.

"నడుమల ఏం పెట్టకు బాపూ. అలవాటు చెడిపోతది," అని చెప్పాను.

"గింత పిల్లకు కడుపెంత ఉంటది బిడ్డా? పొద్దున తిన్నది పొద్దుగూకేదాక ఆగుతదా?"

"ఆగుతది. నాలుగు రోజులు పోతే అదే అలవాటైతది."

నా ఇంట్లో ఆయన దేనికీ ఎదురు చెప్పేవాడు కాదు.

రెండు వారాలు గడిచాయి. ఒక ఆదివారం పొద్దున లేచి చూస్తే కుక్కపిల్ల నా అడుగుల చప్పుడుకు రాలేదు. వంటింటి మూలలో గోనెసంచి మీద ఉంది. పిలిస్తే లేచింది. నాలుగడుగులు తాగినవాడిలా తూలి, పక్కకు పడిపోయింది. కాళ్లు వణుకుతున్నాయి. నోరు తెరిచి చూస్తే చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లబడి ఉన్నాయి. ఎవరైనా విషం పెట్టారేమో, ఫిట్స్ వచ్చాయేమో అనుకొని గట్టిగా అరిచాను.

బాపు కుర్చీలోంచి లేచి వచ్చాడు. నేల మీద కూర్చొని దాని చెవులు తాకి చూశాడు, పాదాలు తాకి చూశాడు.

"సల్లగైంది. ఇది నాకైనట్లే అయితున్నది," అన్నాడు. "షుగర్ పడిపోయింది. చక్కెర తే, జల్ది."

హోటల్లో ఒకసారి మాత్ర వేసుకొని అన్నం తినడం మరిచి ఆయన గల్లాపెట్టె మీద ఒరిగిపోయిన సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది. గోరువెచ్చని నీళ్లలో చక్కెర కలిపి ఇచ్చాను. నేను చెంచాతో పోయబోతే చేయి పట్టి ఆపాడు.

"గొంతుల పొయ్యకు. మింగుతలేదు, ఊపిరిల పడతది."

వేలు ముంచి దాని చిగుళ్లకు రాశాడు. మళ్లీ ముంచి, మళ్లీ రాశాడు. దాన్ని ఒళ్లో పెట్టుకొని తన తువ్వాల కప్పాడు. ఎంతసేపైందో నాకు తెలియదు. ఆ చిన్న నాలుక బయటకు వచ్చి ఆయన వేలిని ఒకసారి నాకింది. బాపు తలెత్తి నన్ను చూసి నవ్వాడు. ఆయన నవ్వు చూసి అప్పటికి ఎన్నాళ్లయిందో.

ఆదివారమైనా తెలిసినవాళ్ల ద్వారా పశువుల డాక్టరుగారిని పట్టుకొని ఆటోలో ఆయన ఇంటికే వెళ్లాం. చక్కెర రాసిన సంగతి విని ఆయన పిల్లను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రోజుకు ఎన్నిసార్లు పెడుతున్నరమ్మా?"

"రెండుసార్లు సార్."

"ఇంత పిల్లకా? చిన్న జాతి కుక్కపిల్లల ఒంట్ల నిల్వ ఉండదు. పొద్దుమాపు కలిపి నాలుగైదు సార్లు, కొంచెం కొంచెం పెట్టాలె. చలికాలం ఇంకా జాగ్రత్త. చక్కెర రాయుమని మీకెవరు చెప్పిండ్రు?"

"నా రోగం చెప్పింది సార్," అన్నాడు బాపు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆయన ఆపకుండా మాట్లాడాడు. కాగితం మీద రెండు పూటలు రాసింది నేనే. ఇంటికి రాగానే కుక్కకు రాసిన భాగం చింపేసి, "ఇగ దాని తిండి సంగతి నువ్వే చూసుకో బాపూ" అన్నాను.

డాక్టరు చెప్పిన నాలుగైదు సార్లు బాపు చేతిలో కొద్దిరోజులకే లెక్క లేకుండా పోయాయి. ఒక సత్తుగిన్నె వరండాలో పెట్టాడు. అందులో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది. పాలన్నం, ఉడికిన గుడ్డు, లేదంటే దుకాణంలో దొరికే కుక్కల గింజలు. "దానికి ఆకలైనప్పుడు అదే తింటది. మనమేంది, గంట కొట్టుడు?" అనేవాడు. పిల్ల బతికి బట్టకట్టింది. ఆయన వెంటే తిరిగేది. ఆయన స్నానానికి పోతే తలుపు దగ్గర కాపలా కాసేది. నేను ఇంటికి వచ్చేసరికి ఆయన దగ్గర నాకు చెప్పడానికి ఏదో ఒక ముచ్చట ఉండేది. గిన్నె గురించి మాట్లాడటానికి నాకు నోరు రాలేదు.

మరుసటి ఏడు తెలంగాణ కోసం సమ్మె జరిగింది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. వారాల తరబడి నేను ఇంట్లోనే ఉన్నాను. పొద్దంతా ఏం జరుగుతున్నదో అప్పుడు గానీ నాకు తెలియలేదు.

గిన్నె చుట్టూ చీమలు బారులు తీరేవి. మధ్యాహ్నానికి పాలన్నం పులిసేది. సగం పక్కింటి పిల్లి తినిపోయేది. అయినా కుక్క పీపాలా తయారైంది. వరండాకు ఉన్న రెండు మెట్లు ఎక్కలేక కింద నిలబడి ఎత్తుకొమ్మని చూసేది. పరుగెత్తితే ఒక వెనుక కాలు ఎత్తి కుంటేది. అది తిన్నప్పుడల్లా బాపు కూడా ఏదో ఒకటి నోట్లో వేసుకునేవాడు. దానికో బిస్కెట్టు, తనకో బిస్కెట్టు. ఆయనకు రక్తపరీక్ష చేయిస్తే షుగరు బాగా పెరిగిందన్నారు.

కుక్కను డాక్టరుగారి దగ్గరికి తీసుకుపోయాం. ఆయన దాని మోకాలు నొక్కి చూసి, చిప్ప పక్కకు జారుతున్నదన్నాడు.

"చిన్న కుక్కలకు మోకాలి చిప్ప జారుడు ఉంటది. బరువు తగ్గిస్తే కాలు బాగుపడతది. ఇప్పుడు గిన్నె నిండ పెట్టుడు బంద్ చేయాలె. పూటపూటకు కొలిచి పెట్టుండ్రి, పావుగంట చూసి గిన్నె ఎత్తేయుండ్రి."

"మీరే గద సార్, మాటిమాటికి పెట్టుమన్నది?" అన్నాడు బాపు.

"అప్పుడది పిల్ల పెద్దాయనా. ఇప్పుడు పెరిగింది. పిల్లప్పటి లెక్క వేరు, ఇప్పటి లెక్క వేరు."

ఇంటికి వచ్చి నేను గిన్నె తీసి కడగబోయాను. బాపు దాన్ని నా చేతిలోంచి లాక్కున్నాడు. ఆయన నా మీద గొంతెత్తడం అదే మొదటిసారి.

"నన్ను కాయిదం చూసి తినుమన్నవు, తిన్న. దీన్ని గూడ గట్లనే చేస్తవా? ఆకలి నీ గడియారం చూసి వస్తదా?"

నేను కూడా ఊరుకోలేదు. "దాని కాలు పోతది బాపూ. నీ కాలు గూడ పోతది. ఒక్కసారి పుండు మానింది. మళ్ల పడితే మానుతదా?"

ఆయన గిన్నెను ఒళ్లో పెట్టుకొని మెట్టు మీద కూర్చున్నాడు. తర్వాత, నన్ను చూడకుండానే చెప్పాడు.

"హోటల్ పెట్టిన కొత్తల, జుక్కల్ దిక్కు నుంచి చెరుకు కొట్టుడు పనికి పోయేటోళ్లు బస్సు దిగిండ్రు. అండ్ల ఒకామె, సంకల పిల్ల. అన్నం ఉన్నదా అన్నా అని అడిగింది. అప్పుడే అన్నం వండే గంజుల నీళ్లు పోసిన. అయిపోయిందమ్మా అన్న. ఆ పిల్ల నేను కడుగుతున్న పళ్లెం దిక్కు చేయి చూపెట్టి ఏడ్చింది. మళ్ల పొయ్యి మీద పెడితే ఎంతసేపు బిడ్డా? పెట్టలే. అలిసిపోయి ఉన్న. వాళ్ల బస్సు పోయింది. తెల్లారి నుంచి నా గంజుల అన్నం లేని గడియ లేదు."

ఇన్నేళ్లలో ఈ సంగతి ఆయన నాకెప్పుడూ చెప్పలేదు. ఆయన పక్కన కూర్చున్నాను. కాసేపటికి, ఆ పిల్ల ఇప్పుడు ఎంత పెద్దదై ఉంటుందో అని అడిగాను. "నీ అంత," అన్నాడు.

నేను లేచి వెళ్లి తలుపు మీది కాగితం తీసేశాను. దాన్ని ఆయన ముందు పెట్టి, "నువ్వే చెప్పు బాపూ. ఎప్పుడెప్పుడు పెడదాం, ఎంత పెడదాం? దానికి గూడ, నీకు గూడ. హోటల్ నడిపింది నువ్వు, నేను గాదు," అన్నాను.

ఆయన ఆ రాత్రంతా ఆలోచించాడో ఏమో, తెల్లారేసరికి లెక్క సిద్ధమైంది. ఎల్లారెడ్డిలో ఆయన హోటలు ముందు ఆగే బస్సుల వేళలు ఆయనకు ఇంకా నోటికి ఉన్నాయి. పొద్దున మొదటి బస్సుకు ఒకసారి, మధ్యాహ్నం బాన్సువాడ బస్సుకు ఒకసారి, సాయంత్రం నేనొచ్చే బస్సుకు ఒకసారి. కుక్క తిండి కొలతకు ఒక చాయ్ గిలాసు. డాక్టరుకు చూపిస్తే, గిలాసు నిండా కాదు, ఇంత అని వేలితో చూపించాడు. బాపు అక్కడ రంగుతో ఒక గీత పెట్టాడు. కుక్కతో పాటు ఆయన కూడా అదే వేళకు పళ్లెం ముందు కూర్చునేవాడు.

మొదటి రోజులు గడవడం కష్టమే అయింది. గిన్నె ఉండే చోట కుక్క నిలబడి సన్నగా ఏడిచేది. ఆ ఏడుపు విని బాపు నిలవలేక చెప్పులేసుకొని వీధి చివరిదాకా పోయి వచ్చేవాడు. ఒకసారి జేబులో బిస్కెట్టుతో నాకు దొరికిపోయాడు. నేను చేయి చాపితే చిన్నపిల్లాడిలా తీసి ఇచ్చాడు. వారం తిరిగేసరికి కుక్క ఏడుపు మానింది. పెట్టిన పావుగంటలో గిలాసు తిండి తిని, గిన్నె నాకి, వచ్చి ఆయన కాళ్ల దగ్గర పడుకునేది. ఉగాది నాటికి రెండు మెట్లూ తనే ఎక్కింది. బాపు దాన్ని తీసుకొని పొద్దున పూట రైల్వే గేటు దాకా నడిచేవాడు. తరువాతి పరీక్షలో ఆయన షుగరు కూడా తగ్గింది. ఆయనకు మందులిచ్చే డాక్టరమ్మ ఏం చేశావని అడిగితే, "బస్సు టైముకు తింటున్న," అన్నాడట.

2013 వానాకాలంలో ఒక రోజు నేను బడిలో ఉండగా బాపు ఫోను చేశాడు. పాఠం మధ్యలో ఆయన ఎప్పుడూ చేయడు.

"పొద్దున గిలాసు తిండి ముట్టలే. మధ్యాహ్నం గూడ ముట్టలే. నీళ్లు మాత్రం కుండెడు తాగుతున్నది. నేను ఆటోల దవాఖానకు తీస్కపోతున్న," అన్నాడు.

"నేనొచ్చేదాక ఆగు బాపూ, ఇద్దరం పోదాం."

"నువ్వొచ్చేదాక ఆగుతదో లేదో బిడ్డా," అని పెట్టేశాడు.

ఎల్లారెడ్డి నుంచి బస్సులో వచ్చిన గంటకు పైగా సేపూ నేను కిటికీ ఊచ పట్టుకొనే కూర్చున్నాను. దవాఖానకు చేరేసరికి ఆపరేషను అయిపోయింది. గర్భసంచిలో చీము పట్టిందట. కుక్క బల్ల మీద తువ్వాల కప్పుకొని పడుకొని ఉంది, పొట్ట మెల్లగా లేస్తూ పడుతూ ఉంది. బాపు దాని తల మీద చేయి వేసి నిలబడి ఉన్నాడు.

"ఇంకొక రోజు ఆలస్యమైతే కష్టమయ్యేది," అన్నారు డాక్టరుగారు నాతో. "పొద్దంతా గిన్నె నిండ ఉండేటి ఇండ్లల్ల కుక్క తింటున్నదా లేదా అన్నది ఎవరికీ తెల్వది. మీ నాయిన రెండు పూటలకే పసిగట్టిండు."

బాపు నన్ను చూడలేదు. అయినా ఆయన విన్నాడని నాకు తెలుసు.

ఆ కుక్క కోలుకుంది. మరుసటి ఎండాకాలం, 2014లో, మా వీధి చివర దర్జీ పనిచేసే ఒక ముస్లిం ఆవిడ, అందరం ఖాలా అని పిలిచే ఆమె, మా గేటు దగ్గర ఆగింది. దుబాయిలో ఉన్న కొడుకు సెలవుకు వచ్చి మనవరాలికి ఒక చిన్న కుక్కపిల్లను కొనిచ్చాడట.

"పెద్దాయనా, గిన్నె నిండ పెట్టి వదిలేయాలెనా, టైముకు పెట్టాలెనా? ఒక్కొక్కరు ఒక్కొక్క తీరు చెప్తున్నరు," అని అడిగింది.

బాపు ఏం చెబుతాడా అని నేను వంటింట్లోంచి చెవి ఒగ్గాను.

"ఎన్ని నెలలదమ్మా?" అన్నాడు.

"రెండు నెలలు అంటున్నడు మావోడు."

"ఎంత ఉన్నది? చేతిల పడతదా?"

"పడతది."

"పొద్దున లేవంగనే హుషారుగ ఉంటున్నదా, తూలుతున్నదా?"

ఖాలా చెప్పలేకపోయింది. బాపు చెప్పులేసుకున్నాడు.

"సూడకుంట ఏం చెప్పాలె? పద, సూద్దాం," అని ఆమె వెంట వీధిలోకి నడిచాడు.