స్కఫుల్ అన్నారు దాన్ని

మా ఇంట్లో పొద్దున ప్రార్థన అయ్యాక, టిఫిన్‌కి ముందు ఇంకో తంతు ఉండేది. మిషన్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పే మా నాన్న పేపర్లోంచి ఒక కష్టమైన మాట ఏరి ఇచ్చేవారు. డిక్షనరీలో దాని అర్థం, పుట్టుక చూసి నేను చదివి వినిపించాలి. గుంటూరు నుంచి తార్నాక వచ్చినా, నేను ఎం.ఏ.లో చేరినా ఆ తంతు మాత్రం ఆగలేదు.

తెలంగాణ ఉద్యమం రోజులవి. నేను చెప్పబోయే పొద్దుటికి ముందురోజే యూనివర్సిటీ క్యాంపస్‌లో ఊరేగింపు మీద పోలీసులు లాఠీలతో విరుచుకుపడ్డారు. నా క్లాస్‌మేట్ చెయ్యి విరిగింది. హాస్టల్‌కి వెళితే పట్టుకుపోతారని, కట్టు కట్టించి మా ఇంటికి తీసుకొచ్చాను. గొడవ సద్దుమణిగేదాకా ఉంచుకుందామనుకున్నాను.

"ఇవాళ్టి మాట స్కఫుల్," అన్నారు నాన్న. "క్యాంపస్‌లో విద్యార్థులకీ పోలీసులకీ మధ్య చిన్న స్కఫుల్ జరిగిందట."

నాకు ఒళ్ళు మండింది. అయినా తీసి చదివాను. మనుషులు మీదమీద పడి పెనుగులాడుకోవడం. పుట్టుక బహుశా స్కాండినేవియా. నెట్టడం అనే అర్థమున్న స్వీడిష్ మాటకి చుట్టం. మన పేపర్లు తోపులాట అని రాసేది దీన్నే. ఎంత మెత్తటి మాట! ఎవడు ఎవణ్ణి నెట్టాడో చెప్పదు. లాఠీ ఎవడి చేతిలో ఉందో అసలే చెప్పదు.

"చూశావా, రెండు పక్కలా కలబడితేనే స్కఫుల్," అన్నారు నాన్న. "మీవాడు కూడా నెట్టే ఉంటాడు. అలాంటి అబ్బాయిని ఇంట్లో పెట్టుకోలేం."

లోపలి గదిలోంచి నా స్నేహితుడు బయటికొచ్చాడు. "నేనేం నెట్టలె సార్. తలకాయకు తగలొద్దని చేతులు అడ్డం పెట్టుకున్న. గంతే."

"మరి పేపర్లో అబద్ధం రాస్తారా బాబూ?" అన్నారు నాన్న, క్లాసులో అడిగినట్టే.

విరిగిన చెయ్యి కళ్ళ ముందుంటే ఆయన అచ్చులో రుజువు వెతుకుతున్నారు! డిక్షనరీ బల్ల మీద విసిరికొట్టాను.

"నా కోసం ఇంట్ల లొల్లి ఎందుకురా, నేను పోత," అన్నాడు వాడు. తోడు వస్తానంటే ఒప్పుకోలేదు. "నువ్వొస్తే పోలీసోళ్లు నిన్ను గూడ జీపెక్కిస్తరు."

హాస్టల్ గేటు దగ్గరే వాణ్ణి జీపెక్కించారని సాయంత్రం తెలిసింది. నాన్న స్కూలు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ, నిజంగానే బెంగగా అడిగారు.

"ఆ అబ్బాయి జాగ్రత్తగా చేరాడా?"

"చేరాడు నాన్నా, పోలీస్ స్టేషన్‌కి. మీరు పంపించారుగా."