అత్తగారు, నేను, ఒక యుద్ధవిమానం

ఇల్లు మారడానికి సామాను సర్దుతుంటే పోయిన వారం వంటింటి ప్రెస్సు పైఅరలో విమానం దొరికింది. ఇక్కడివాళ్ళు అలమరను ప్రెస్సంటారు. ఈ పరాయి దేశపు ఊరు స్లైగోకి వచ్చిన కొత్తలో ఇంటి ఓనరు "ప్లేట్లు ప్రెస్సులో ఉన్నాయి" అంటే, ప్లేట్లను ఇస్త్రీ చేసేదేమిటా అనుకున్నాను. జానెడు ప్లాస్టిక్ యుద్ధవిమానం, బూడిదరంగు, పొట్ట మీద ఎండిన జిగురు చార. మా ఆవిడ చూసి, "పారేద్దామా?" అంది. వద్దన్నాను. దాన్ని తయారుచేసింది నేనొక్కణ్ణే కాదు, మా అత్తగారు కూడా.

కోవిడ్ వచ్చిన ఏడు, మమ్మల్ని చూడడానికి గుంటూరు నుంచి వచ్చిన అత్తగారు, విమానాలు ఆగిపోవడంతో ఇక్కడే చిక్కుకుపోయారు. మా ఆవిడ ఆస్పత్రిలో నర్సు. కోవిడ్ వార్డులో డ్యూటీ పడగానే, షుగరున్న తల్లికి అంటించకూడదని తోటి నర్సులతో వేరే ఇంటికి మారిపోయింది. ఇంట్లో మిగిలింది అత్తా అల్లుడూ. అత్తగారు పాతకాలం మనిషి. అల్లుడి ఎదుట కూర్చోరు, అల్లుడితో సూటిగా మాట్లాడరు. ఏదైనా కూతురి చేత చెప్పించడమే. నాకూ అదే అలవాటు. ఇప్పుడా కూతురు లేకపోయేసరికి ఆవిడ ఒక ఉపాయం కనిపెట్టారు. సాయంత్రం ప్రార్థనలో గట్టిగా, "ప్రభువా, అల్లుడుగారు మధ్యాన్నం చారన్నం వదిలేశారు. ఉప్పెక్కువైందో ఏమో నీకే తెలియాలి" అనేవారు. దేవుణ్ణి నువ్వంటారు గానీ, ఆయన ఎదుట కూడా నాకు 'గారు' తప్పనిసరి. నా వంతు వచ్చినప్పుడు నేను, "చారు బాగానే ఉంది తండ్రీ, ఆకలి లేకపోయింది" అని విన్నవించుకునేవాణ్ణి. ఆ రోజుల్లో దేవుడికి మా వంటింటి కబుర్లు మోయడమే సరిపోయి ఉంటుంది.

దిగులు మళ్ళించుకోవడానికి విమానం కిట్టు తెప్పించాను. ముక్కలన్నీ ప్లాస్టిక్ చట్రానికి అంటుకుని వస్తాయి. కత్తిరించి, గరుకు తీసి, అతికించుకోవాలి. "ప్రభువా, నా పిల్ల అక్కడ ప్రాణాలు కాపాడుతుంటే ఇంట్లో ఈ బాంబుల విమానమెందుకు?" అని ఆ సాయంత్రమే పైకి ఫిర్యాదు వెళ్ళింది. అయినా కింద పడిన చక్రాన్ని వెతికి బల్ల అంచున పెట్టి పోయేది ఆవిడే. తర్వాత గుమ్మంలో నిలబడి చూడసాగారు. విమానం ఒళ్ళు రెండు సగాలుగా ఉంటుంది. మధ్యలో పైలట్ సీటు ఇరికించి, జిగురు రాసి, ఆరేదాకా ముక్కు దగ్గరా తోక దగ్గరా నొక్కిపట్టాలి. "ఎవరైనా తోక పట్టుకుంటే బాగుండు" అన్నాను విమానంతో. ఆవిడ కాస్త తటపటాయించి, కొంగు దోపుకుని, నా ఎదుటి కుర్చీలో కూర్చున్నారు.

అప్పుడే ఫోను మోగింది. చేతులు ఖాళీ లేక నా ముక్కుతోనే స్పీకరు నొక్కాను. మా ఆవిడ గొంతు బొంగురుపోయింది. "నాకు పాజిటివ్ వచ్చింది. జ్వరం, కొంచెం ఆయాసం, అడ్మిట్ చేస్తున్నారు. అమ్మకి చెప్పొద్దు. ఐయామ్ గ్రాండ్" అని పెట్టేసింది.

గ్రాండంటే ఇక్కడ బాగానే ఉన్నానని. మా వైపు గ్రాండంటే పెళ్ళి భోజనాలు. "జొరమొచ్చి గ్రాండేంది?" అన్నారు అత్తగారు గాల్లోకి. మామూలుగా అయితే ఆవిడ వంటింట్లోకి, నేను మేడ మీదికి వెళ్ళి ఎవరి భయం వాళ్ళం పడేవాళ్ళం. కానీ చేతులు తీస్తే విమానం విడిపోతుంది. ఆవిడ తలెత్తి నా మొహంలోకి చూశారు.

"నాయనా, నువ్వు నాకు నిజం చెప్పు. నా పిల్ల బతుకుద్దా?"

"తెలీదత్తయ్యా. నాకూ భయంగానే ఉంది."

ఇద్దరం ఏడ్చాం. విమానం మాత్రం వదల్లేదు. ముక్కు తుడుచుకునే వీలు కూడా లేదు.

మా ఆవిడ కోలుకోవడానికి చాలా రోజులు పట్టింది. అన్నాళ్ళూ అత్తగారు నన్ను నువ్వనే అన్నారు. "రెండు ముద్దలు తిను నాయనా" అని కసిరారు. "రెక్క వంకరగా పెట్టావు, కళ్ళెక్కడ పెట్టుకున్నావు?" అని తిట్టారు. నన్నలా తిట్టే మనిషి లేక అప్పటికి చాలా ఏళ్ళయింది. భయం భయంగానే ఉంది గానీ, దాన్ని పంచుకోవడానికి ఇంట్లో ఇంకొకరున్నారు.

మా ఆవిడ ఇంటికొచ్చిన రోజు భోజనాల దగ్గర అత్తగారు కూర్చోలేదు. పెరుగు గిన్నె పట్టుకుని నిలబడి కూతురితో, "అల్లుడుగారు వేసుకుంటారేమో అడుగమ్మా" అన్నారు. నేనూ మా ఆవిడ వైపే తిరిగి, "చాలని చెప్పు" అన్నాను. ఆ పాడుకాలం తొందరగా పోవాలని మేమిద్దరం ఎంతగానో ప్రార్థించాం. పోయింది. పోతూ పోతూ ఆ 'నువ్వు'ను కూడా వెంట తీసుకుపోయింది.