అర సెకను

వీడియో గేములు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. రాకెట్ ఆట తయారుచేసిన ఇంజనీరు రోజూ సాయంత్రం ఆటల హాలుకొచ్చి, జేబుల్లో చేతులు పెట్టుకుని, తెర వైపు కాక ఆడేవాళ్ల చేతుల వైపు చూస్తూ నిలబడేవాడు. మూడో దశలో రాళ్లవాన ముంచుకొచ్చే చోట, అర సెకను పాటు రాకెట్‌ని తిప్పే పిడి మాట వినదు. ఆట తొందరగా ముగిసి మరో నాణెం పడాలని తనే అలా పెట్టాడు. ఓడినవాళ్లెవరూ యంత్రాన్ని అనుమానించరు. "ఛ, చెయ్యి జారింది" అని వేళ్లు విరుచుకుంటారు. ఆ మాట వినబడినప్పుడల్లా అతను మెడ వెనక గోక్కునేవాడు.

ఒకరోజు వాళ్లక్క వచ్చింది. ముప్ఫై ఏళ్లుగా బట్టలు కుడుతున్న మనిషి. కళ్లజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తానని తెగ గొప్పలు పోయేది. తమ్ముడి ఆట కదా అని ముచ్చటపడి నాలుగుసార్లు ఆడింది. నాలుగుసార్లూ రాకెట్ అక్కడే పేలింది.

"నా చేతులకి పట్టు తప్పిందిరా," అని నవ్వింది.

"అబ్బే, నీ చేతులకేమైందక్కా," అన్నాడే గాని, ఆ అర సెకను సంగతి చెప్పలేదు.

ఆదివారం వాళ్లింటికి వెళితే, అక్క కుట్టుమిషను ముందు నుంచి దారం కొస అతని చేతికిచ్చింది.

"నువ్వే ఎక్కించరా. ఆ రోజు నుంచీ నా చేతిని నేనే నమ్మలేకపోతున్నా."

దారం మొదటిసారికే ఎక్కింది. అతను మాత్రం చాలాసేపు సూది మీంచి తలెత్తలేదు.