ఏ బస్సుకు వచ్చినాడు?

డాక్టర్ బసవరాజ్ గారికి రోగి పేరు అక్కర్లేదు, వయసు అక్కర్లేదు, రోగమేమిటో అసలే అక్కర్లేదు. ముందుగా ఆయనకు తెలియాల్సింది ఒక్కటే: రోగి ఏ బస్సుకు వచ్చాడు?

కర్నూలులో ఒక వైద్య కళాశాల ఆసుపత్రిలో ఆయన జనరల్ మెడిసిన్ ప్రొఫెసరు. ఎంబీబీఎస్ ముగించి పీజీలో చేరినవాళ్ళను మూడేళ్ళు రుబ్బి, నలుగురికీ పనికొచ్చే డాక్టర్లుగా చేసి పంపడం ఆయన ఉద్యోగం. ఇప్పుడు కడపలో మంచి పేరున్న డాక్టర్ దీవెన ఆయన చేతికింద రుబ్బుడుపడిన మనిషే. ఆ రోజుల మాట ఎత్తితే ఆమె ముందు నవ్వుతుంది, తర్వాత ఆపకుండా చెబుతుంది. అంత ఇష్టం ఆమెకు ఆ మూడేళ్ళంటే.

చేరిన మొదటి రోజు, ఓర్వకల్లు పక్క పల్లె నుంచి వచ్చిన ఆ పిల్ల, గుండె జబ్బు కేసొకటి పుస్తకంలో ఉన్నదున్నట్టు అప్పజెబుతోంది. సార్ చెయ్యెత్తాడు.

"ఆగమ్మా. ఏ బస్సుకు వచ్చినాడు?"

"సార్?"

"ఎగిరి రాలేదు గదా. ఏ బస్సు?"

"అడగలేదు సార్."

"అయితే ఇంగేం కేసమ్మా ఇది? పో, కనుక్కోని రాపో."

వారం తిరిగేసరికి ఆమె తెల్లకోటు జేబులో స్టెతస్కోపు పక్కన బస్సుల టైంటేబులు చేరింది. డ్యూటీ రూములో మందుల మోతాదుల పట్టిక మీదే బస్సు వేళల పట్టిక అంటించి ఉండేది. తక్కిన యూనిట్ల పీజీలు వీళ్ళకు 'కండక్టర్లు' అని పేరు పెట్టారు. "కండక్టరమ్మా, రాయచోటికి ఎన్నింటికి?" అని క్యాంటీన్లో ఎవరైనా ఏడిపిస్తే, దీవెన మండిపడుతూనే టైము చెప్పేసేది. నోటికి వచ్చేసింది మరి!

కారులో వచ్చే రోగులంటే సార్‌కు కాళ్ళూ చేతులూ ఆడేవి కావు. ఒకసారి ఎవరో పెద్ద ఆఫీసరు మామగారు కారు దిగి వచ్చాడు. సార్ ఆయన నాడి పట్టుకుని అటూ ఇటూ కదిలాడు, దగ్గాడు, ఇక ఉండబట్టలేక, "మీ ఇంటి ముందర ఏ బస్సు పోతాది సార్?" అని అడిగేశాడు. "మా వీధిలోకి బస్సులు రావండీ," అన్నాడాయన. అప్పుడు సార్ ముఖంలో కనిపించినంత జాలి దీవెన మళ్ళీ చూడలేదు.

దీవెన కంటే ఒక ఏడాది పెద్ద పీజీ హనుమేష్. రోజూ కూరగాయల గంపతో బస్సెక్కి పట్నం వచ్చే ఒక అవ్వకు కాళ్ళవాపు తగ్గడం లేదని, నీళ్ళు పోవడానికిచ్చే మాత్ర మోతాదు రెండింతలు చేశాడు. వాపు ఇంకా పెరిగింది. సార్ వచ్చి అవ్వనే అడిగాడు, ఏ బస్సు అని. "ఎక్స్‌ప్రెస్సు నాయనా. ఆ మాత్రేసుకుంటే గడియకోసారి పోవాల, నడిమధ్యలో వాడు యాడ ఆపుతాడు? అందుకే ఏసుకోను," అంది అవ్వ. సార్ ఎక్స్‌ప్రెస్సు బస్సులను అరగంట దులిపేశాడు. ఈ మనిషికి బస్సుల పిచ్చి ముదిరిందని అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

దీవెన రెండో ఏడాదిలో ఉండగా మారెన్న వచ్చాడు. కోసిగి అవతల పల్లెలో గొర్రెల కాపరి. షుగరుకు రోజూ ఇన్సులిన్ సూది వేసుకుంటాడు. నెలకోసారి చూపించుకోవడానికి వచ్చి, సరిగ్గా ఓపీ వరసలోనే దబ్బున పడిపోతాడు. చూస్తే రక్తంలో షుగరు అడుగంటి ఉంటుంది. గ్లూకోజు ఎక్కిస్తే లేచి కూర్చుని గొర్రెల సంగతి అడుగుతాడు. ఇన్సులిన్ తగ్గించారు, మళ్ళీ పడ్డాడు. ఇంకా తగ్గించారు, ఒక బుధవారం మూడోసారీ పడ్డాడు, దాంతో వార్డులో చేర్చుకున్నారు.

ఆ రాత్రి దీవెన లావుపాటి పుస్తకాలు తిరగేసి తేల్చింది: షుగరును మింగేసే అరుదైన గడ్డ ఏదో కడుపులో ఉండాలి! హైదరాబాదు పంపాలి, స్కాన్లు తీయించాలి, కోత కూడా పడొచ్చు. మర్నాడు గురువారం పదకొండింటికి విభాగం మొత్తం కూర్చునే సమావేశంలో ఆ కేసు తనే చెప్పాలి. ఆ పొద్దున వార్డులో సార్ ఫైలు తిరగేశాడు.

"ఏ బస్సు?"

"సార్, ఇది శానా అరుదైన గడ్డ సార్!"

"గడ్డ యాడికీ పోదులేమ్మా. బస్సు కనుక్కో."

పళ్ళు నూరుకుంటూ మంచం దగ్గరికి వెళ్ళింది.

"ఏ బస్సుకు వచ్చినావు మారెన్నా?"

"ఐదు గంటల బస్సుకమ్మా. అది తప్పితే మళ్ళా పన్నెండుకే."

"మరి సూది?"

"నాలుగున్నరకే పొడుచుకుంటి. ఏమైనా మానొద్దని రాసిస్తిరి గదా."

"ఏం తిన్నావు?"

పక్కనున్న అతని భార్య భీమమ్మ అందుకుంది. "యాడ తినేదమ్మా! పరగడుపున రావాల, రక్తం తీస్తాము అని చీటీలో ఉండాది. రొట్టెల మూట ఈడనే ఉండాది సూడు. డాక్టరమ్మ మాటంటే మాటే అని ముట్టనే ముట్టడు."

చీటీ తీసి చూపించింది. రెండు మాటలూ గుండ్రటి అక్షరాలతో పక్కపక్కనే ఉన్నాయి. కింద దీవెన సంతకం ఉంది.

ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ సూది వేసుకోగానే తింటాడు కాబట్టి మారెన్న గుండ్రాయిలా ఉన్నాడు. వీళ్ళ దగ్గరికి వచ్చిన రోజునే చావు అంచుదాకా వెళ్ళొస్తున్నాడు. తన చీటీ మూడుసార్లు ఆ మనిషిని నేలకేసి కొట్టింది. దీవెన ఆ చీటీని మడిచి కోటు జేబులో పెట్టుకుంది. డాక్టరుగా తన పని ఇంతటితో సరి అనుకుంది.

పదకొండింటికి నలభై మంది ముందు నిలబడింది. "గడ్డ లేదు సార్," అని మొదలుపెట్టి బస్సు, సూది, పరగడుపు అన్నీ వరసగా చెప్పింది. ముందు వరసలోని వేరే యూనిట్ ప్రొఫెసరు కళ్ళజోడు సవరించుకుని, "ఆ చీటీ రాసిన మహానుభావులెవరు?" అన్నాడు.

దీవెన నోరు తెరిచింది. అంతలో బల్ల దద్దరిల్లింది.

"తప్పు బస్సుది!" బసవరాజ్ సార్ లేచి నిలబడ్డాడు. "ఐదుకొకటి, మళ్ళా పన్నెండుకా? నడుమ ఆ పక్క ఊర్లల్లో మనుషులు లేరా? డ్రైవరుకు టీ ఉండాది, కండక్టరుకు టిఫిను ఉండాది, మా మారెన్నకు మాత్రం ఏమీ లేదా?"

ఇరవై నిమిషాలు బస్సును ఉతికి ఆరేశాడు. హాలంతా ఒకటే నవ్వు. ప్రశ్న అడిగిన పెద్దమనిషి కళ్ళు తుడుచుకుంటూ తన ప్రశ్నే మర్చిపోయాడు. ఆ నవ్వుల మధ్యే సార్ అన్ని యూనిట్లకూ కొత్త పద్ధతి చెప్పాడు: చూపించుకోవడానికి వచ్చే రోజు సూది ఇంట్లో వేసుకోకూడదు, ఇక్కడ రక్తం ఇచ్చాకే వేసుకోవాలి, వెంటనే తినాలి. అందరూ నవ్వుతూనే రాసుకున్నారు.

వరండాలో దీవెన ఆయన్ని ఆపింది. "సార్, ఆ చీటీ..."

"తెలుసులేమ్మా. చెప్పాల్సింది నాకు గాదు, మారెన్నకు."

వెళ్ళి చెప్పింది. మారెన్న శ్రద్ధగా విన్నాడు.

"అంటే నాకు గడ్డ లేదా?"

"లేదు. తప్పు నాది మారెన్నా."

"కోత గూడా లేదా?"

"లేదు."

అతను దుప్పటి పక్కకు నెట్టి లేచి కూర్చున్నాడు. "అయితే మీ కాడికి రాకుంటే సాలు, నేను బాగుంటానంటావు!"

భీమమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. దీవెనకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "నువ్వు గూడా పొద్దున్నించి ఏమీ తిన్నట్టు లేవే," అంటూ భీమమ్మ ఒక జొన్నరొట్టె చేతిలో పెట్టింది. మంచం అంచున కూర్చుని ఆ రొట్టె మొత్తం తినేసింది దీవెన.

తర్వాత కొత్త చీటీ రాసి, సార్ సంతకం కోసం ఆయన గది దగ్గరికి వెళ్ళింది. తలుపు ఓరగా ఉంది. లోపల ఆయన ఫోనులో మాట్లాడుతున్నాడు. అవతల బస్సు డిపో మేనేజరు, సార్‌కు పాత స్నేహితుడు. తిట్ల సంగతి అప్పుడే ఎవరో మోసినట్టున్నారు.

"లేదప్పా, నీ బస్సుకేం, బంగారట్లా బస్సు. టైముకే వచ్చింది... తిట్టిన మాట నిజమే. ఏం చేయమంటావు? మా పిల్ల ఒగత్తె దాంకోవాల్సొచ్చె. నేను అడ్డం నిలబడితే సరిపోదు, బక్కోన్ని. నీ బస్సు పెద్దది గదప్పా, అడ్డం పెట్టినా. ఏమీ అనుకోవద్దు."

దీవెన తలుపు తట్టలేదు. చెప్పుల చప్పుడు కాకుండా వెనక్కి నడిచి, మెట్ల దగ్గరికొచ్చాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కడుపునొప్పి పుట్టేదాకా నవ్వుకుంది. సంతకం మధ్యాహ్నం పెట్టించుకోవచ్చులే అనుకుంది.