యాడ్ ఏజెన్సీ ఇంటర్వ్యూలో రొయ్యల గోల

మొన్న వైజాగ్‌లో యాడ్ ఏజెన్సీ ఇంటర్వ్యూకి వెళ్ళి పావుగంట సేపు దేని గురించి మాట్లాడానో తెలుసాండీ? రొయ్యల గురించి! నవ్వకండి, మొదట్నుంచీ చెప్తా.

రాజమండ్రిలో నా ఉద్యోగం మీకు తెలిసిందే, చిన్న ఏజెన్సీలో అకౌంట్ ఎగ్జిక్యూటివ్. లెక్కలు రాయడం కాదండీ బాబూ! బట్టల షాపు ఓనరుకీ, మా ఆర్టిస్టుకీ మధ్య తిరుగుతూ ఇద్దరి చేతా తిట్లు తినడం. "చీర ఇంకా పెద్దగా కనపడాలయ్యా" అంటారు ఓనరు గారు. "అయితే అమ్మాయి తలకాయ తీసెయ్యమంటావా?" అంటాడు ఆర్టిస్టు. మూడేళ్ళు ఇలా నలిగాక, వైజాగ్‌లో పెద్ద ఏజెన్సీ వాళ్ళు రెజ్యూమే పట్టుకుని నేరుగా రమ్మని పేపర్లో వేశారు.

రెజ్యూమే స్ట్రాంగ్‌గా ఉండాలన్నారు అందరూ. రెండు వారాలు కూర్చున్నా. ఆటోకి మైకు కట్టి ఊరంతా తిరిగానా? దాన్ని 'మాస్ కమ్యూనికేషన్ క్యాంపెయిన్' చేశా. ఓనరు గారి తిట్లు 'క్లయింట్ ఫీడ్‌బ్యాక్' అయిపోయాయి. మా వీధి చివర డీటీపీ సెంటర్ నడిపే సత్తిబాబు టైప్ చేసి, రెండు పేజీలూ స్టేపుల్ కొట్టి, కవర్లో పెట్టిచ్చాడు. తీస్తే నలిగిపోతుందని రైల్లో కవరు ముట్టుకోలేదు. తుని దాటేదాకా చేతిరాత కాపీయే బట్టీ పట్టా.

అక్కడ అందరి దగ్గరా రెజ్యూమేలు తీసుకున్నారు. ఓ గంటాగి ముందు నన్నే పిలిచారు! లోపల మూర్తి గారని, ఏజెన్సీకి హెడ్డట, పెద్దాయన.

"రొయ్యల్లో మీకు చాలా అనుభవం ఉందే!" అన్నారు.

గోదావరి వాణ్ణని సరదాగా పలకరిస్తున్నారనుకున్నా. "చిన్నప్పట్నుంచీ అండి. ఆదివారం తప్పనిసరి."

"ఆదివారం మాత్రమేనా?"

"చుట్టాలొస్తే మధ్యలో కూడా అండి."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "జబ్బు రొయ్యని ఎలా గుర్తుపడతారు?"

"వాసనే చెప్పేస్తుందండి. మా అమ్మయితే గంపలోనే పట్టేసి, తీసుకోనంటుంది."

"ఉప్పు ఎంత ఉండాలంటారు?"

"దించే ముందు రుచి చూసి వేసుకోవాలండి."

ఇంకా అడుగుతున్నారు, నేను చెప్తూనే ఉన్నా. ఈయనకి రొయ్యల మీద ఇంత ఆరాటం ఏంటా అని నాకు ఒకటే కుతూహలం! ఇంట్లో వండిపెట్టేవాళ్ళు లేరేమో పాపం అని కూడా అనుకున్నా.

చివరికి ఆయన రెజ్యూమే నా వైపు తిప్పారు. మొదటి పేజీ నాదే. రెండోది ఎవరిదో! రొయ్యపిల్లల్ని పెంచే హేచరీలో నాలుగేళ్ళు టెక్నీషియనట. నీటిలో ఉప్పు పరీక్ష, జబ్బులు కనిపెట్టడం, అన్నీ వచ్చట. సత్తిబాబు ఇద్దరి కాగితాలూ కలిపేశాడు!

రెండో పేజీ మీద వేలు పెట్టా. "సార్, ఈ పేజీ నాది కాదండి. నాకు రొయ్యలు తినడం ఒక్కటే వచ్చు" అన్నా.

మూర్తి గారు నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు. మంచినీళ్ళు తాగి అసలు సంగతి చెప్పారు. వాళ్ళకి కొత్తగా రొయ్యల మేత కంపెనీ క్లయింటుగా వచ్చింది. రైతులతో మాట్లాడే మనిషి కావాలి. ఆ రెండో పేజీ చూసే నన్ను ముందు పిలిచారట.

"మరి మొదటి పేజీ ఎలా ఉందండి?" అన్నా, ఉండబట్టలేక.

"మాస్ కమ్యూనికేషన్ అంటే ఆటోకి మైకు కట్టడమేగా? నేనూ అలాగే మొదలెట్టానయ్యా! కానీ తెలియని విషయం మీద పావుగంట తడుముకోకుండా మాట్లాడావు చూడు, మా పనికి అదే కావాలి. సోమవారం వచ్చెయ్. మొదటి వారం చెరువుల మీదే."

ఇదండీ సంగతి. ఉద్యోగమైతే వచ్చింది. ఇప్పుడు నా కంగారంతా ఒకటే. ఆ హేచరీ ఆయన ఎవరో సత్తిబాబుకే గుర్తులేదట, మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి బాబూ! సోమవారంలోగా కాళ్ళు పట్టుకునైనా, జబ్బు రొయ్యని గంపలోకి రాకముందే ఎలా గుర్తుపడతారో నేర్చుకోవాలి!