సుజాతక్క కంప్యూటర్, తాత దగ్గరి పాస్‌వర్డ్

కొత్త లాప్‌టాప్ పెట్టె విప్పగానే ముందు అట్ట వాసన, దాని వెనకే ప్లాస్టిక్ వాసన వచ్చాయి. తెర వెలిగాక నేను రెండు ఖాతాలు పెట్టుకున్నాను. యంత్రంలో ఏదైనా మార్చే అధికారం ఉన్న అడ్మినిస్ట్రేటర్ ఖాతా ఒకటి, ఆ అధికారం లేకుండా రోజువారీ పని చేసుకునే స్టాండర్డ్ ఖాతా ఒకటి. వాడేది నువ్వొక్కదానివే కదా, రెండెందుకని మా అమ్మాయి నవ్వింది. జవాబు చెప్పబోతుంటే ప్లాస్టిక్ వాసన పోయి, గద్వాలలో మా ఇంటి గంజి వాసన ముక్కుకు తగిలినట్టయింది.

మాది మగ్గాల ఇల్లు. ఎండ ఎక్కకముందే వీధి పొడవునా నిలువు దారాల పడుగు సాగదీసి నూలుకు గంజి పట్టించేవాళ్లు. వానాకాలమైతే ఆ నూలు ఒకపట్టాన ఆరక ఇల్లంతా పులిసిన వాసన వేసేది, దానిలో పొయ్యి మీది జొన్నరొట్టె వాసన, మేం పుంటికూర అనే గోంగూర పుల్లదనం, అవ్వ నూరే వెల్లుల్లి కారం ఘాటు కలిసిపోయేవి. నూలు చుట్టే ఖాళీ కండెలతో కోటలు కట్టడం మా ఆట, తాత కాలు తగిలి అవి కూలితే మళ్లీ కట్టడం ఇంకో ఆట. రెండు వేల అయిదు ప్రాంతంలో ఆ ఇంటికి కంప్యూటర్ వచ్చింది. తాత గుంటమగ్గానికీ నూలు చట్టానికీ మధ్య బల్ల వేసి పెట్టారు. అవ్వ దాని నెత్తిన పసుపు కుంకుమలు పెట్టి, దుమ్ము పడకుండా చీరముక్కతో ముసుగు కుట్టింది.

దాన్ని పట్టుబట్టి తెప్పించింది మా పెదనాయిన కూతురు సుజాతక్క. చిన్నప్పటి నుంచి కండెలు చుట్టి చుట్టి విసిగిన అక్క, ఇంటరు అయ్యాక బస్టాండు దగ్గర కంప్యూటర్ నేర్చుకుంది. గళ్ల కాగితం మీద గీసే అంచు బొమ్మలను తెర మీద గీస్తానంది. ఒక్కో గళ్ల వరుసకు, మగ్గం పైన బిగించే జకార్డు యంత్రంలో ఒక్కో అట్ట. ఆ అట్టకు పడ్డ రంధ్రాలే ఏ దారం లేవాలో చెబుతాయి. ఒక్క గడి తప్పితే ఆ తప్పు బొమ్మ తిరిగినప్పుడల్లా చీర పొడవునా కనిపిస్తుంది. అందుకే గడులు లెక్కపెట్టే పని నాకిచ్చింది. బడిలో కన్నా ఎక్కువ లెక్కలు నేను అక్కడే నేర్చుకున్నాను.

పెదనాయినకు ఇదంతా నచ్చలేదు. "దసరా చీరలకు దీని బొమ్మ మగ్గమెక్కాలె. ఎక్కకుంటే ఈ డబ్బా అమ్మేస్త, సుజాత మల్ల కండెలకే కూసుంటది" అన్నాడు. అక్క తలూపింది గానీ, ఆ మాట తర్వాత అన్నం సరిగ్గా తినలేదు.

శ్రావణంలో హంసల అంచు దాదాపు పూర్తయింది. అప్పుడే అక్క తమ్ముడు శీనన్న, స్నేహితుడి దగ్గర కారు పందేల ఆట సీడీ తెచ్చి ఎక్కించాడు. మర్నాటి నుంచి కంప్యూటర్ వెలగడం, ఆరడం, మళ్లీ వెలగడం, అంతే. మెకానిక్ వచ్చి, వైరస్ దూరిందని, అంతా తుడిచేసి మొదటి నుంచి ఎక్కించడం తప్ప దారి లేదని చెప్పాడు. హంసలన్నీ పోయాయి.

"ఇప్పటిదాంక మీరందరు ఒక్కటే ఖాతాల, అన్ని తలుపులు తెరుసుకొని కూసున్నరు. సీడీల వచ్చింది గూడ ఇంటి పెద్ద లెక్క లోపలికి పోయింది" అన్నాడు మెకానిక్. ఒకటి అడ్మినిస్ట్రేటర్ ఖాతా, పని చేసేవాళ్లకు లిమిటెడ్ ఖాతా పెట్టుకోమన్నాడు. ఇవాళ స్టాండర్డ్ అనేదాన్ని అప్పుడు అలా అనేవాళ్లు. ఖాతా మారినంత మాత్రాన బొమ్మలకు పూర్తి కాపలా కాదని, వాటిని వేరే సీడీలోకి కూడా ఎక్కించుకొమ్మని జాగ్రత్త చెప్పాడు.

"అయితే పెద్దది నా పేరున పెట్టు" అన్నాడు పెదనాయిన వెంటనే.

"నువ్వు వాడ్తవా?" అడిగాడు మెకానిక్.

"నేనెందుకు వాడ్త? ఇంటికి పెద్దోన్ని గద!"

అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. "పొద్దంత దీని ముందల కూసునేది నేను. నాకు లిమిటెడా?"

మగ్గం చప్పుడు ఆగింది. మగ్గం కింది గుంటలో కాళ్లు ఉంచుకునే తాత ఇటు తిరిగాడు. "పొద్దంత మగ్గం మీద కూసునేది నేను. నేసేటప్పుడు పైన జకార్డును ఎప్పుడన్న ముట్టిన్నా బిడ్డా? దాంట్ల ఏమన్న తేడా వస్తే నేసుడు ఆపి, దిగి, నిచ్చెనేసుకొని ఎక్కుత. అది వేరే పని, ఇది వేరే పని. చిన్నతనమేముంది దీంట్ల?"

"అయితే తాళం నువ్వే పెట్టుకో నాయినా" అన్నాడు పెదనాయిన, విసుగ్గా. అలా మా ఇంట్లో కంప్యూటర్‌ను ఒక్కసారి కూడా ముట్టని మనిషికి దాని అధికారం వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు రావు గానీ, ఫోను పుణ్యమా అని తాతకు అంకెలు వచ్చు. అందుకని పాస్‌వర్డు అంకెల్లోనే పెట్టారు. కొత్తది ఏది ఎక్కించాలన్నా అది కొట్టాల్సిందే. ఆయన అందరినీ గోడవైపు తిరగమని, ఒక్కో మీటా వెతికి నొక్కేవాడు. టక్కు టక్కు చప్పుడు విని ఎన్ని అంకెలో లెక్కపెట్టాను. ఏ అంకెలో మాత్రం తెలియలేదు.

అక్క మళ్లీ మొదటి హంస నుంచి మొదలుపెట్టింది. నేను పక్కన కూర్చుని పాత గళ్లు గుర్తున్నంత వరకు చెప్పాను. శీనన్న అటుగా పోతూ "లిమిటెడ్ మేడమ్, జర టైమిస్తవా?" అని ఏడిపించేవాడు. ఒకరోజు ఇంకో సీడీ తెచ్చి తాతను పిలిచాడు.

"ఇదేంది?"

"ఆట, తాతా. మస్తుంటది."

"మొన్నటిది గూడ మస్తే ఉండె. పో."

భాద్రపదం సగంలో, గీసింది అచ్చు తీయడానికి అక్క ఒక ప్రింటర్ అడిగి తెచ్చింది. దాన్ని ఎక్కించాలన్నా తాత కావాలి. కాగితం చూసి అట్టలకు రంధ్రాలు కొట్టే ఆయన ఆ సాయంత్రమే ఊరెళ్తున్నాడు, ఆలోపు బొమ్మ ఇస్తే అక్కడే కొట్టి తెస్తానన్నాడు. తాత చేయి దులుపుకొని వచ్చి, ఇదెందుకని అక్కనూ అడిగాడు. కోపం ఆపుకుని అక్క చెప్పింది, తాత విన్నాడు, నొక్కాడు. కాగితం బయటికి రాగానే నేను దాన్ని తీసుకుని, అట్టల ఆయన బస్సెక్కకముందే ఇవ్వాలని పరుగెత్తాను.

బతుకమ్మ మొదలయ్యే ఎంగిలిపువ్వు నాటికి హంసలు మగ్గమెక్కాయి. బతుకమ్మ ఆఖరున సద్దుల రోజు, రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలు చేతిలో పట్టుకుని మేమంతా మగ్గం చుట్టూ నిలబడ్డాం. పెదనాయిన మగ్గం దిగిన చీరను విప్పి, అంచు మీద బొటనవేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిపాడు. ఎక్కడా ఆగలేదు. చీరను మడిచి, అవ్వతో "కండెలకు ఎవర్నన్న మనిషిని చూడున్రి" అన్నాడు. అక్క మొహం చూడలేదు గానీ, ఆ మాట అక్క కోసమేనని అందరికీ అర్థమైంది.

ఆ రాత్రే తాత అక్క చెవిలో అంకెలు చెప్పాడు. ఇక అక్క చేత తన ఆటలు ఎక్కించుకోవచ్చని శీనన్న ఆశపడ్డాడు. తెల్లారి అక్క కంప్యూటర్ ముసుగు తీసి, తిరిగి లిమిటెడ్ ఖాతాలోనే కూర్చుంది.

"పెద్దది ఉంది గదక్కా!" అన్నాన్నేను.

"గీసేదానికి ఇది సాలు" అంది.

ఇప్పుడు ఆ గదిలో మగ్గం లేదు. గుంట పూడ్చి బండలు పరిచి, ముందు భాగం దుకాణానికి కిరాయికి ఇచ్చారు. తాత, అవ్వ లేరు. వనపర్తిలో కాపురమున్న సుజాతక్క ఇప్పటికీ అంచులు గీస్తుంది. నా రెండు ఖాతాల పాస్‌వర్డులూ నాకే తెలుసు. అధికారం కావాలని యంత్రం అడిగితే నేనే అడిగి, నేనే ఇచ్చుకుంటాను, రెండు క్షణాల పని. అప్పట్లో తాతను పిలిచాక ఆయన మగ్గం ఆపాలి, గుంటలోంచి కాళ్లు తీయాలి, మోకాళ్లు పట్టుకుని లేవాలి, నడిచి రావాలి. ఆయన వచ్చేలోపు, మేం కావాలనుకున్నవాటిలో సగం అక్కర్లేదని మాకే తెలిసిపోయేది.