రంగు పట్టని గీతలు

డిగ్రీ ఫైనలియర్‌లో నాకో సెమినార్ పడింది: నక్షత్రాల్లో ఏముందో ఇక్కడ కూర్చుని ఎలా తెలుసుకుంటారు? అంతకుముందు సెమినార్‌లో నా జోకులకు క్లాసంతా నవ్వింది కాబట్టి, ఈసారీ కామెడీ చేస్తే మార్కులు సున్నా అని లెక్చరర్ ముందే చెప్పేశారు. నా కష్టం వేరే. అంత దూరంలో ఉన్నది ఇక్కణ్నుంచే తెలుస్తుందంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

చెప్పుల డబ్బాకు సన్నటి చీలిక, చూడ్డానికో కంత పెట్టి, లోపల వెలుతురును రంగులుగా విడగొట్టే డీవీడీ ముక్క అతికించి, మెదక్ బజారులోని మా రంగుల దుకాణం గుమ్మంలో కూర్చుని ఆకాశం వైపు తిప్పాను. పగటి వెలుతురు ఎరుపు నుంచి ఊదా దాకా పట్టీలా పరుచుకుంది. మధ్యమధ్య సన్నటి నల్లగీతలు. సూర్యుడి పైపొరలోని ఒక్కో పదార్థం తన వంతు రంగును మింగేసిన చోట్లట అవి. "అట" అంటే మార్కులు రావు.

చున్నీలకు రంగులేసే మా బాపు కూడా కన్ను పెట్టాడు.

"గిదేందిరా, గీతలు పడ్డయ్? రంగు సక్కగ పట్టలే. గిసొంటి మాల్ నేనిస్తే గిరాకీలు నా మొహం మీద కొడ్తరు."

"అది సూర్యుడు బాపూ."

"ఎవ్వరైతేంది? ఖరాబైతే ఖరాబే."

ఇంతలో పొయ్యి మీద రంగునీళ్లు పొంగాయి. బట్టకు రంగు పట్టాలని వాటిలో ఉప్పేస్తాం. పొంగు పడగానే నీలిమంట పసుప్పచ్చగా మారింది. బాపు గ్యాస్ తగ్గించడానికి ఉరికాడు, నేను డబ్బాతో ఉరికాను.

"బట్ట మాడుతుంటే నీకు ఆటలా?"

"జర ఇంకిన్ని ఉప్పునీళ్లు సల్లు బాపూ!"

తిట్టుకుంటూనే చల్లాడు. చీలిక పై సగానికి గుమ్మం వెలుతురు, కింది సగానికి మంట పడేలా పట్టుకున్నాను. పైన, పసుపులో ఒక నల్లగీత. సరిగ్గా దాని కిందే, మంటలో ఉప్పు తెచ్చిన మెరిసే పసుపు గీత. నాకు జోకు తట్టలేదు.

బాపు డబ్బా లాక్కుని చూశాడు. "అంటే సూర్యునిల ఉప్పున్నదా?"

"ఉప్పు కాదు, ఉప్పులోని సోడియం."

"అదే. ఎవడేసిండు?"

మర్నాడు క్లాసులో ఉప్పుమంట వెలిగించి, చివర్లో బాపు ప్రశ్నే అడిగాను. అందరూ నవ్వారు. నా సున్నా ఖాయమనుకున్నాను. లెక్చరర్ మాత్రం నవ్వకుండా డబ్బా ఇటివ్వమన్నారు, కిటికీ దగ్గర దాంట్లోకి చూస్తూ పీరియడ్ అయిపోయినా తిరిగి ఇవ్వలేదు.

మార్కులొచ్చాయి. కానీ ఆ పట్టీలో ఎరుపు దగ్గరున్న నల్లగీత ఏ మాల్‌దో చెప్పే దాకా బాపు నన్ను వదిలేలా లేడు.